‘పరజా’ నవలలో ఋణము, మనుగడ

గోపీనాథ మహాంతి (1914–1991) ఒరియా నవల ‘పరజా’ 1945లో వెలువడినది. 1938లో ప్రభుత్వోద్యోగమున ప్రవేశించిన ఈ రచయితకు కోరాపుట్ కొండలు కాగితములమీది మండలము కావు, కాలినడకను ఎరిగిన సీమ. తెలుగువారికిని ఆ సీమ మిక్కిలి దూరమైనది కాదు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు జయపురపు జమీందారీ విశాఖపట్టణము జిల్లాలోనే ఉండెడిది.

‘పరజా’ అను జాతినామము ‘ప్రజ’ శబ్దమునుండి పుట్టినదని చెప్పుదురు. ఏలుబడికి లోనై శిస్తు చెల్లించువాడని దాని భావము. ఇది బయటివారు చూచిన చూపు. నవలలోని సుక్రుజాని తన్ను తానట్లు తలచుకొనడు. సర్సుపదర్ గ్రామములో ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లతో బ్రతుకుచున్న ఆ విధురుని దృష్టిలో కొండ తనది; చెట్టు నరికి గింజ చల్లుట తాతలనాటి హక్కు. ఈ రెండు చూపుల మధ్యనున్న అగాధమే ఈ నవలకు ఇతివృత్తము.

సుక్రుజానిని కూల్చినది కరవు కాదు, జూదము కాదు, జరిమానా. అతని కూతురు జిలీపై కన్నువేసిన అటవీ ఉద్యోగి, కోరిక తీరకపోగా, చెట్లు నరికిన నేరమును అతనిపై మోపును. కొండవాని యింట ధాన్యముండవచ్చును, మేకలుండవచ్చును, రొక్కముండదు. జరిమానా మాత్రము రొక్కముగనే చెల్లవలెను. ఆ రొక్కమున్నది షావుకారు రామచంద్ర బిశోయి యొద్దనే. తండ్రియు, చిన్నకొడుకు టిక్రాయు అతనికి ‘గోతి’లగుదురు. పిదప దొంగసారా కాచిన నేరమునకు పెద్దకొడుకు మాండియాకును అదే గతి పట్టును. అప్పు తీరువరకు చాకిరి. చాకిరిచేయుచుండగనే వడ్డి పెరుగుట. అడవి, సారా, ఠాణా, కచేరి, షావుకారు అను అంగములు వేరువేరుగా కనబడినను ఒకే యంత్రమువలె పనిచేయుటను మహాంతి ఎచ్చటను ఉపన్యసింపక, కథాగమనమువలననే చూపెను.

‘గోతి’ అను మాట అనువాదకునకు చిక్కు తెచ్చునది. ‘పాలేరు’ అన్నచో జీతము స్ఫురించును. ‘వెట్టివాడు’ అన్నచో ఋణము మరుగుపడును. మూలపదమునే నిలుపుట మేలు. తెలుగు చెవికి అందు ‘గొయ్యి’ వినబడుట కేవలము ధ్వనిసామ్యమే యైనను, తగని సామ్యము కాదు.

ప్రేమచంద్ ‘గోదాన్’ (1936) చదివినవారికి హోరీ జ్ఞప్తికి రాక మానడు. ఇద్దరిని మ్రింగినది అప్పే. కాని హోరీని కట్టివేసినది కులమర్యాద, బిరాదరీ విధించిన దండుగ, తనకు తానే తలకెత్తుకొన్న ధర్మము. తన్ను పీడించు లోకపు భాష హోరీ తెలిసినవాడు. సుక్రుజాని ఆ భాషయే ఎరుగడు. తాకట్టుపెట్టిన పొలము తిరిగి చేతికి రాదన్న సంగతి అతనికి అర్థమగుటకు ఒక వ్యాజ్యము ఓడవలసి వచ్చినది. కచేరిలో సాక్ష్యము కొనబడునని తెలియుట అతనికి భూమి పోవుటకంటె పెద్ద దెబ్బ.

నవలలో లోపము లేకపోలేదు. వెన్నెల, వాన, కొండగాలుల వర్ణనలు కొన్నిచోట్ల పాత్రల నోటినుండి మాటను లాగికొనును. జిలీ, బిలీలు రోడ్డుపనికి పోయిన ఘట్టమున కూలిడబ్బు మొదటిసారి వారి చేతబడును. అచ్చట రచయిత మరికొంత నిలిచియుండవలసినది. షావుకారు ఉంపుడుకత్తెగా మారిన జిలీ మనస్సు కూడ మనకు సగమే తెలియును.

ఋణదాస్యమును రద్దుచేయు శాసనము ఒరిస్సాలో 1948లో వచ్చినది. దేశమంతటికి వర్తించు చట్టము 1976లో వచ్చినది. నవల నాటికి ఆ మాటలేవియు సర్సుపదర్‌కు చేరలేదు. తండ్రీకొడుకులు షావుకారును గొడ్డలితో నరికివేయుదురు. దీనిని తిరుగుబాటని చదువుట సులభము. కాని వారు అడవిలోనికి పారిపోరు. నేరము చేసితిమని ఒప్పుకొనుటకు తమంతట తాము ఠాణాకు నడచిపోవుదురు.