బొమ్మ కింది పేరా

దీపావళి వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఒక బొమ్మ వచ్చి తీరుతుంది. చిమ్మచీకటి మీద మన దేశ పటం. దాని నిండా తెల్లగా, నీలంగా, పచ్చగా, ఎర్రగా మెరిసే చుక్కలు. గంగ ఒడ్డంతా తిరనాళ్లలా ఉంటుంది. ‘దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి నాసా తీసిన మన దేశం’ అని రాసి ఉంటుంది. పెద్దవాళ్లు దండం గుర్తులు పెడతారు, పిల్లలు ఇంకో నాలుగు గ్రూపులకి పంపుతారు. రెండేళ్ల కిందట మా అక్క కూతురు మాత్రం నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టింది. “పిన్నీ, దీపాలకి నీలం రంగూ పచ్చ రంగూ ఎక్కడివి?”

ఆ ప్రశ్నకి ఆ పిల్లని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ బొమ్మలో ఉన్న అసలు సంగతంతా ఆ రంగుల్లోనే ఉంది. అది ఏ ఒక్క రాత్రో తీసిన ఫోటో కాదు. అమెరికా సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ నోవాలో పనిచేసిన క్రిస్ ఎల్విడ్జ్ అనే శాస్త్రవేత్త, ఏళ్ల తరబడి ఉపగ్రహాలు నమోదు చేసిన రాత్రి వెలుగుల్ని కలిపి తయారుచేసిన పటం. 1992కి ముందే వెలుగుతున్న చోట్లకి తెలుపు. 1992లో కనిపించినవి నీలం, 1998లో కనిపించినవి ఆకుపచ్చ, 2003లో కనిపించినవి ఎరుపు. జనం ఎక్కడ పెరిగారో, కొత్త దీపాలు ఏ దిక్కున వెలిగాయో చెప్పే పటం అది. 2012 నవంబరులో నాసా ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఆ నెల 12వ తేదీ రాత్రి సుయోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం తీసిన దక్షిణాసియా చిత్రాన్ని పక్కన పెట్టి, దీపావళికి అదనంగా వచ్చే వెలుగు అంతరిక్షం నుంచి చూస్తే పోల్చుకోలేనంత స్వల్పమని వివరించింది. పటం మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే తిరుగుతోంది.

అబద్ధం ప్రచారమైందన్న బాధ కంటే, మంచి పని మరుగున పడిందన్న బాధ నాకు ఎక్కువ. మన ఊళ్లు పెరిగిన చరిత్రని ఒకాయన నాలుగు రంగుల్లో చూపించాడు. చేతులు మారే క్రమంలో ఆయన పేరు రాలిపోయింది, రంగుల అర్థం రాలిపోయింది. చివరికి అందం ఒక్కటే మిగిలింది.

ఇలాంటి ఉపగ్రహాల సమాచారంతోనే తయారైన మరో బొమ్మని, ఇంటర్నెట్‌లోనే, మరొకరు ఎలా పంచారో చూస్తే పంచుకోవడంలో ఎంత పనితనం ఉందో అర్థమవుతుంది. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

2000 నవంబరు 27న ‘ఆస్ట్రానమీ పిక్చర్ ఆఫ్ ద డే’ అనే చోట భూమి మొత్తం రాత్రిపూట ఎలా ఉంటుందో చూపే చిత్రం వచ్చింది. అభిమానులు ఈ చోటుని ఏపాడ్ అని ముద్దుగా పిలుస్తారు. రోజుకి ఒక ఖగోళ చిత్రం, దాని కింద ఒక్క పేరా. అంతే అక్కడి ఏర్పాటు. ఆ రోజు చిత్రంలో యూరప్, అమెరికా తూర్పు తీరం, జపాన్ ధగధగలాడుతుంటాయి. ఈజిప్టులో నైలు నది పొడవునా వెలుగు దారంలా సాగుతుంది. మన దేశంలో గంగా మైదానం పరుచుకుని ఉంటుంది.

దాని కింది పేరా ఏడెనిమిది వాక్యాలకి మించదు. ముందు, రాత్రిపూట భూమి ఇలా ఉంటుందని చెబుతుంది. వెంటనే, మీకు ఇష్టమైన దేశాన్నో ఊరినో ఇందులో కనిపెట్టగలరా అని అడుగుతుంది. ఆ ప్రశ్న చదివిన వాళ్లెవరూ చదవడం కొనసాగించరు. పైకి వెళ్లి బొమ్మలో వెతుక్కుంటారు. నేనూ హైదరాబాద్ కోసం వెతికాను. బొమ్మని ఒక్క చూపు చూసి వదిలేసేవాణ్ణి చెయ్యి పట్టుకుని మళ్లీ బొమ్మ దగ్గరికి తీసుకుపోయే వాక్యం అది. తిరిగి వచ్చేసరికి, పెద్ద నగరాలు నదుల పక్కన, సముద్రాల ఒడ్డున ఎందుకున్నాయో, పడవల మీద సరుకు చవగ్గా రవాణా అయ్యే సంగతి ఏమిటో అంటూ ఒక్క మాటలో ఆర్థిక చరిత్ర కనిపిస్తుంది. ఆ తర్వాత చీకటిగా ఉన్న భాగాల ప్రస్తావన. చివర్లో, ఇది ఒక్క ఫోటో కాదనీ, డీఎంఎస్‌పీ ఉపగ్రహాలు తీసిన కొన్ని వందల చిత్రాల కలబోత అనీ తేటగా చెబుతుంది. భూమి అంతటా ఒకేసారి రాత్రి కాదు కదా! ఆ సందేహం మన మనసులో పుట్టి, పైకి వచ్చేలోపే సమాధానం సిద్ధం. బొమ్మ తయారుచేసిన ఇద్దరి పేర్లు, సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరం బొమ్మని ఆనుకునే ఉంటాయి.

ఈ డీఎంఎస్‌పీ ఉపగ్రహాలు అమెరికా రక్షణ శాఖ వాతావరణ ఉపగ్రహాలు. వెన్నెల వెలుగులో మబ్బుల్ని చూడటానికి వాటిలో అతి సున్నితమైన పరికరాలు పెట్టారు. మబ్బులు లేని రాత్రుల్లో ఊళ్ల దీపాలు కనిపించడం కలిసొచ్చిన లాభం. ఎల్విడ్జ్ పటం కూడా ఈ ఉపగ్రహాల సమాచారంతో చేసినదే. ఒకే గనిలోంచి వచ్చిన రెండు రాళ్లు. ఒకదాన్ని సానబట్టి, ఎక్కడిదో చెప్పి చేతిలో పెట్టారు. రెండోది చేతులు మారి మారి తన పేరే మరచిపోయింది.

ఏపాడ్‌ని మొదలుపెట్టినవాళ్లు ఇద్దరు. రాబర్ట్ నెమిరాఫ్, జెర్రీ బొన్నెల్. 1995లో ఇద్దరూ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పరిశోధకులు. గామా కిరణాల పేలుళ్లు వాళ్ల రంగం. దాచుకోవడం కంటే పంచడం వాళ్ల స్వభావంలోనే ఉందనిపిస్తుంది. రెండుకి వర్గమూలాన్ని లక్షల అంకెల దాకా లెక్కగట్టి, కావలసినవాళ్లు తీసుకోవచ్చని అందరి ముందూ పెట్టిన జంట వీళ్లే. 1995 జూన్ 16న మొదటి చిత్రం పెట్టారు. ఆ రోజు దాన్ని చూసింది 14 సార్లు.

ఆ మొదటి చిత్రమే వాళ్ల ధోరణి ఏమిటో చెబుతుంది. మన భూమి న్యూట్రాన్ నక్షత్రమంత సాంద్రంగా మారితే ఎలా కనబడుతుందో కంప్యూటర్‌తో గీయించిన బొమ్మ అది. అంత గురుత్వాకర్షణ ఉంటే వెలుగు వంగిపోతుంది. గోళం వెనక భాగం కూడా ముందుకి వచ్చి కనిపిస్తుంది. బాగా చూస్తే వెనకాల ఆకాశంలో ఒరాయన్ నక్షత్రమండలం రెండుసార్లు కనిపిస్తుందని పేరా చెబుతుంది. ఇక్కడా అదే పని. సిద్ధాంతం తలకెక్కించే ముందు కంటికి ఒక పని అప్పగించడం. రెండు ఒరాయన్‌లని వెతికి పట్టుకున్నవాడికి ఐన్‌స్టైన్ అంటే భయం సగం పోతుంది. ఆ మొదటి రోజుల్లోనే కృత్తికల చిత్రం కూడా వచ్చింది. మన పల్లెల్లో పిల్లలకోడి అని చూపిస్తారే, ఆ చుక్కల గుంపు. న్యూట్రాన్ నక్షత్రం పక్కనే పిల్లలకోడి! ఎవరికీ తెలియనిదీ, అందరూ ఎరిగినదీ ఒకే వరసలో కూర్చోబెట్టారు. ఈ ఎంపికలోని రుచి నాకు వాళ్ల పాండిత్యం కంటే గొప్పగా తోస్తుంది.

పేజీ ముఖం ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. పైన పేరు, నడుమ బొమ్మ, కింద చిత్రకారుడి పేరు, ఆ కింద పేరా. అడుగున రేపు రాబోయే చిత్రం గురించి ఒకటి రెండు మాటల సూచన. రంగులు లేవు, హంగులు లేవు. బొమ్మకి పోటీ వచ్చేది ఏదీ ఆ పేజీలో లేదు. పచ్చని అరిటాకులో వడ్డించిన భోజనంలా అన్నం ఎక్కడుందో, కూర ఎక్కడుందో తడుముకోనక్కరలేదు.

అయితే ఆ సాదా పేరాలో ఒక రహస్యం ఉంది. దాదాపు ప్రతి వాక్యంలో రెండు మూడు మాటలు లింకులు. ఏమీ నొక్కకుండా చదివితే పేరా పూర్తిగా అర్థమవుతుంది. చదవడానికి అర నిమిషం చాలు. ఒక పారిభాషిక పదం మీద నొక్కితే దాని వివరణ. ఇంకో మాట మీద నొక్కితే అసలు పరిశోధన పత్రం. మరో మాట, ఇదే వస్తువుని వేరే టెలిస్కోపు ఎలా చూసిందో చూపిస్తుంది. చివరి వాక్యాల దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక మాట వెనక పిల్లి బొమ్మో, చమత్కారమో దాక్కుని ఉంటుంది. పదో తరగతి పిల్లాడు ఒక మెట్టు దాకా దిగుతాడు, పరిశోధన విద్యార్థి బావి అడుగుదాకా దిగుతాడు. ఇద్దరికీ ఒకటే పేరా. అన్నమయ్య పదం పామరుడికీ పండితుడికీ చెరో రకంగా అందినట్టు, ఈ చిన్న వచనం కూడా ఎవరి లోతుకి వాళ్లకి అందుతుంది. ఇలా రాయడం ఎంత కష్టమో రోజూ రాసేవాళ్లకే తెలుస్తుంది. ఏ మాటని బయటికి వదలాలో, ఏ మాట వెనక దాచాలో ప్రతిరోజూ తేల్చుకోవాలి.

నేను అన్నిటికంటే గౌరవించేది మాత్రం, తెలియని చోట తెలియదని ఒప్పుకునే వాళ్ల అలవాటుని. 2023 జనవరి 17న వచ్చిన ఆండ్రోమెడా గెలాక్సీ చిత్రం చూడండి. ఆండ్రోమెడాని ఇప్పటికి ఎన్ని వేలమంది ఫోటో తీశారో లెక్కలేదు. అయినా కొందరు ఔత్సాహికులు, ఆక్సిజన్ వెలువరించే ఒక ప్రత్యేక కాంతిలో గంటల తరబడి తీస్తే, గెలాక్సీ పక్కనే నీలి మబ్బు తునక విల్లులా వంగి కనిపించింది. అంతకుముందు ఎవరూ చూడనిది. అదెక్కడిది? మన పాలపుంతలోనే, మనకి దగ్గరగా ఉండి అటువైపు కనిపిస్తోందా? నిజంగానే ఆండ్రోమెడా దగ్గర ఉందా? పేరా ఈ రెండు అవకాశాలనీ మన ముందు పెట్టి, అది ఏమిటో ఇంకా తేలలేదని చెప్పి ఊరుకుంటుంది. ఏదో ఒకటి తేల్చేస్తే ఇంకా పదిమంది ఎక్కువ చూసేవారు. ఆ ఆశకి లొంగలేదు. ఫోటో తీసిన ఔత్సాహికుల పేర్లు, పెద్ద అబ్జర్వేటరీల పేర్లు ఉండే చోటే, అంతే మర్యాదతో ఉన్నాయి. ఇంటి పెరట్లో టెలిస్కోపు పెట్టుకున్నవాడికీ, హబుల్‌కీ అక్కడ ఒకటే పీట.

రోజుకి ఒకటి అన్న నియమం కూడా పనితనంలో భాగమే. వాళ్ల దగ్గరికి వచ్చే చిత్రాలకి కొదవ ఉండదు. పది పెట్టొచ్చు. ఒక్కటే పెడతారు. అందుకే చూసేవాళ్లు ఆగుతారు. ఆదివారాల్లో తరచుగా పాత చిత్రాలు మళ్లీ వస్తాయి. ఈలోగా కొత్తగా తెలిసిన సంగతులు ఉంటే పేరా సవరించుకుని వస్తుంది. ఒకసారి చెప్పిన మాటని మళ్లీ సరిదిద్దుకునే ఓపిక, రోజూ కొత్తది కావాలనే ఈ కాలంలో అరుదు. 1995 నుంచి వచ్చిన చిత్రాలన్నీ తేదీ ప్రకారం ఒకే జాబితాలో ఉన్నాయి. మీ పుట్టినరోజు నాటిది తీసి చూసుకోవచ్చు. 2013 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి నాసా పేజీలు ఆగిపోయినప్పుడు, వేరే చోట్ల ఉన్న నకళ్లు ఆ పరంపర తెగకుండా చూశాయి. స్వచ్ఛందంగా ఎన్నో భాషల్లోకి రోజూ అనువదించేవాళ్లు ఉన్నారు. నెమిరాఫ్, బొన్నెల్‌లకి 2015లో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ద పసిఫిక్ క్లుంప్కే-రాబర్ట్స్ పురస్కారం ఇచ్చింది. జనానికి ఖగోళశాస్త్రం చేరవేసినవాళ్లకి ఇచ్చే గుర్తింపు అది. వాళ్లకి అది తగినదే.

మా అక్క కూతురికి ఆ రోజు పటం కథంతా చెప్పాను. “అయితే ఆ ఎర్ర చుక్కల్లో మన ఊరు ఉందా పిన్నీ?” అని అడిగింది. ఇద్దరం ఫోన్‌లో పెద్దది చేసుకుని వెతికాం. ఆ పటాన్ని ఎన్నో దీపావళులు చూశాను కానీ, నిజంగా చూసింది ఆ సాయంత్రమే.

ఈ దీపావళికి కూడా ఆ పటం మీ ఫోన్‌కి వస్తుంది. చెరిపెయ్యకండి, అది విలువైనదే. పంపండి, కానీ కింద ఈ పేరా చేర్చి పంపండి: ‘ఇది దీపావళి ఫోటో కాదు. ఉపగ్రహాలు ఏళ్ల తరబడి తీసిన చిత్రాలతో నోవా శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ చేసిన పటం. తెల్లవి 1992కి ముందే ఉన్న దీపాలు. నీలం 1992వి, పచ్చవి 1998వి, ఎర్రవి 2003వి. మీ ఊరు ఏ రంగులో ఉందో వెతకండి.’