“ఎవరనుకొనిరి?” – మధుమేహమునకు శస్త్రచికిత్స: ఒక వ్యాసముపై విమర్శ

మధుమేహ మనగానే క్లోమగ్రంథియు, ఇన్సులినును జ్ఞప్తికి వచ్చును. ఆ వ్యాధిని జఠరముపై కత్తి ప్రయోగించి లొంగదీయవచ్చునని చెప్పినవారిని ఒకప్పుడు ఎవరును నమ్మియుండరు. అమెరికాలోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయమునకు చెందిన శస్త్రవైద్యుడు వాల్టర్ పోరీస్, ఆయన సహచరులు 1995లో ‘ఆనల్స్ ఆఫ్ సర్జరీ’ పత్రికలో ప్రకటించిన వ్యాసమునకు “ఎవరనుకొనిరి?” అనియే పేరు పెట్టిరి. పెద్దవయసులో వచ్చు మధుమేహమునకు ఒక శస్త్రచికిత్సయే అన్నిటికంటె ఫలవంతమైన చికిత్సగా తేలినదని ఆ పేరులోని తరువాతి భాగము చాటుచున్నది. వ్యాసము మిక్కిలి ప్రసిద్ధి చెందినది. అందలి వాదము ఎంతవరకు నిలుచునో విచారించుట విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు మంచి అభ్యాసము.

ఈ శస్త్రచికిత్సకు ‘గాస్ట్రిక్ బైపాస్’ అని పేరు. స్థూలకాయులకు బరువు తగ్గించుటకై అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ 1966లో దీనిని ఆరంభించెను. జఠరము పైభాగమున చిన్న సంచివంటి భాగమును వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగునకు కలుపుదురు. మ్రింగిన ఆహారము జఠరములోని పెద్దభాగమును, చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలమును తాకకయే ముందుకు సాగును. అనగా ఆహారము పోవు త్రోవయే మారిపోవును.

పోరీస్ బృందము 14 సంవత్సరముల కాలములో 608 మందికి ఈ చికిత్స చేసినది. వారి సగటు బరువు సుమారు 138 కిలోగ్రాములు. ఏడాది గడచునప్పటికి అది 87 కిలోగ్రాములకు దిగినది. 14 ఏండ్ల తరువాత కూడ 93 వద్దనే నిలిచినది. మధుమేహము గలవారిలో 146 మందిని పరిశీలింపగా 121 మందికి, అనగా నూటికి 83 మందికి, రక్తములోని చక్కెర సాధారణస్థితికి వచ్చినది. రోగులలో నూటికి 97 మంది సమాచారమును వారు చివరివరకు సేకరింపగలిగిరి. చికిత్స పొందినవారు ఊళ్లు మారుదురు, మరల ఆసుపత్రి ముఖము చూడరు. అట్టివారిని ఇన్నేండ్లు వదలక వెంబడించుట ఈ వ్యాసములోని గొప్ప గుణము.

అయినను ఇందు ఒక పెద్ద లోపము కలదు. శస్త్రచికిత్స పొందని రోగుల సమూహ మొకటి పోల్చి చూచుటకు లేదు. చక్కెర తగ్గుటకు ముఖ్యకారణము ఆహారము తగ్గుటయేనని రచయితలే అభిప్రాయపడిరి. అట్లయినచో, శస్త్రచికిత్స లేకుండ అంతే కొద్ది ఆహారము తీసికొన్నవారి గతి ఏమగునో చూడవలసి యుండెను. ఆ పరీక్ష చాల కాలమునకు బ్రిటనులో జరిగినది. మధుమేహము వచ్చి ఆరేండ్లు మించనివారికి తక్కువ కాలరీల ఆహారము నిచ్చి చూడగా, ఏడాదికి నూటికి 46 మందికి వ్యాధి అణగినది. రెండేండ్లకు ఆ సంఖ్య 36కు తగ్గినది. కావున ఆహారనియమము శక్తి తక్కువ కాదు. దానిని నిలుపుకొనుటయే కష్టము. బైపాస్ తరువాత ఆహారము ప్రేగు క్రిందిభాగమును త్వరగా చేరుటచే ఇన్సులినును ప్రేరేపించు జి.ఎల్.పి.-1 అను హార్మోను భోజనానంతరము హెచ్చుగా స్రవించునని కూడ తరువాతి పరిశోధనలు చూపినవి. రచయితల వివరణ తప్పు కాదు కాని, అసంపూర్ణము.

1997లో ఇదే బృందము పోలికకు పూనుకొన్నది. శస్త్రచికిత్స పొందిన 154 మందిలో నూటికి 9 మంది, పొందని 78 మందిలో నూటికి 28 మంది మరణించిరి. అంతరము పెద్దదే. కాని ఆ 78 మంది శస్త్రచికిత్సను తామే వలదన్నవారు, లేక భీమా సంస్థలు ఖర్చు భరింప నిరాకరించినవారు. ఇట్లు విడివడిన రెండు సమూహములు మొదటినుండియు సమానములని ఎట్లు చెప్పగలము?

న్యాయమైన పోలికకు రోగులను చీట్లు తీసినట్లు విభజింపవలెను. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 150 మంది మధుమేహరోగులతో జరిగిన పరీక్ష అట్టిది. దాని అయిదేండ్ల ఫలితములు 2017లో వెలువడినవి. గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ నూటికి 6 గాని అంతకు తక్కువ గాని ఉండుట లక్ష్యము. మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 5 మంది, బైపాస్ పొందినవారిలో 29 మంది, జఠరములో పెద్దభాగమును తీసివేయించుకొన్నవారిలో 23 మంది దానిని చేరిరి. పోరీస్ వాదములోని సారము దీనితో గట్టిపడినది. కాని కొలమానము కఠినముగను, పోలిక న్యాయముగను ఉన్నచోట 83 అను సంఖ్య కనబడలేదు.

కాలము మరియొక పరీక్ష. స్వీడను దేశములో 1987లో ఆరంభమైన పరిశీలనలో, శస్త్రచికిత్స పొందిన మధుమేహరోగులలో రెండేండ్లకు నూటికి 72 మందికి వ్యాధి అణగియుండెను. 15 ఏండ్లకు 30 మందికి మాత్రమే. అక్కడ ఎక్కువమందికి జరిగినది బైపాస్ కాదు, జఠరమును బిగించు ఇతర పద్ధతులు. అయినను ‘నయమైనది’ అనుటకంటె ‘అణగినది’ అనుటయే యుక్తమని ఈ అంకెలు బోధించుచున్నవి. పైగా బైపాస్ పొందినవారు బి12 విటమిను, ఇనుము, కాల్షియము వంటివానిని జీవితాంతము వేరుగా తీసికొనవలసి యుండును.

ఈ విచారణ మనకును సంబంధించినదే. బరువును కిలోగ్రాములలోను, ఎత్తును మీటర్లలోను తీసికొని, బరువును ఎత్తు వర్గముతో భాగించిన వచ్చు సంఖ్యతో స్థూలకాయమును కొలుతురు. 1991లో అమెరికా నిపుణులు ఇది 40 దాటినవారికి, మధుమేహాది వ్యాధులున్నచో 35 దాటినవారికి, శస్త్రచికిత్స తగునని నిర్ణయించిరి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు ఆసియావాసులకు 27.5 నుండియే దీనిని సూచింపవచ్చుననిరి. 160 సెంటీమీటర్ల ఎత్తుగల మనిషికి మొదటి హద్దు 102 కిలోగ్రాములు. చివరిది 70 మాత్రమే. మన ప్రజలలో తక్కువ బరువుననే మధుమేహము కనబడుట దీనికి హేతువు. హేతువు సరియైనదే. కాని 138 కిలోగ్రాముల వారిపై లభించిన అంకెలను 70 కిలోగ్రాముల వారికి యథాతథముగ వర్తింపజేయరాదు.

పోరీస్ వ్యాసము గొప్ప పరిశీలన. నిర్ణయాత్మకమైన రుజువు మాత్రము కాదు. ఎవరును ఊహింపని దానిని కన్నులార చూచి నిర్భయముగ వ్రాసిన ఖ్యాతి దానికి దక్కవలెను. తరగతిలో దీనిని చర్చించు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు విద్యార్థులచేత అడిగించిన చాలును: దేనితో పోల్చిరి? ఏది నయమగుట అనిరి? ఎంతకాలము చూచిరి? మూడవ ప్రశ్నకు ఈ వ్యాసము చక్కగా బదులు చెప్పును. మొదటి రెంటికి సమాధానము తరువాతివారు వెదకవలసి వచ్చినది.