మెట్ల మీద స్వరాలు, కూడలిలో మౌనం

మంచి నడవడి అలవాటు చేయడానికి జరిమానా ఒక దారి, హితబోధ మరో దారి, సరదా మూడోది. ఈ మూడోదానికి అందరూ ముందుగా చెప్పేది స్వీడన్‌ ఉదాహరణ. 2009లో స్టాక్‌హోమ్‌లోని ఓడెన్‌ప్లాన్ మెట్రో స్టేషన్‌లో, ఫోక్స్‌వ్యాగన్ ప్రచారంలో భాగంగా, ఎస్కలేటర్ పక్కనున్న మెట్లను పియానో మీటలుగా మార్చారు. అడుగు వేస్తే స్వరం పలికేది. మామూలు కంటే 66 శాతం ఎక్కువమంది మెట్లెక్కారని నిర్వాహకులు ప్రకటించారు. కానీ అది కొద్దికాలపు ప్రయోగం. రోజూ అదే దారిన పోయేవారికి ఆ స్వరాలు ఎన్నాళ్లు కొత్తగా ఉంటాయో దానివల్ల తేలలేదు.

ఇంతకంటే లోతైన ప్రయత్నం కొలంబియా రాజధాని బొగోటాలో జరిగింది. గణితం, తత్వశాస్త్రం చదివి జాతీయ విశ్వవిద్యాలయాన్ని నడిపిన ఆంటానాస్ మోకస్ 1995లో మేయరయ్యారు. ట్రాఫిక్ కూడళ్లలో మూకాభినయ కళాకారులను నిలబెట్టారు. అడ్డదిడ్డంగా రోడ్డు దాటేవారి వెంటపడి వాళ్ల నడకనే అనుకరించడం, దూకుడుగా నడిపే డ్రైవర్లను సైగలతో ఆటపట్టించడం వీరి పని. చేతిలో చలానా పుస్తకం లేదు, నోట మాట లేదు. పగటివేషగాడి చురకలా అది నవ్విస్తూనే తగిలేది. పోలీసుతో వాదించవచ్చు, మాటాడని మనిషితో వాదమెలా? 20 మందితో మొదలైన ఈ పని జనానికి నచ్చడంతో మరో 400 మందికి శిక్షణ ఇచ్చారు.

బొటనవేలు పైకెత్తిన, కిందికి దించిన బొమ్మలతో 3,50,000 కార్డులు కూడా పంచారు. దాంతో మెచ్చుకోవడం, తప్పుపట్టడం పౌరుల చేతికే వచ్చాయి.

అయితే మోకస్ సరదాతోనే ఆగలేదు. పాదచారులు మరణించిన చోట్ల రోడ్డుపై నక్షత్రాలు వేయించారు. బార్లను రాత్రి ఒంటిగంటకే మూయించారు. సుమారు పదేళ్లలో రోడ్డు మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ ఘనతను ఒక్క మూకాభినయానికే కట్టబెట్టలేం. రెండోసారి మేయరుగా ఉన్నప్పుడు, ఇష్టమైతే 10 శాతం అదనపు పన్ను కట్టమని అడిగితే 63,000 మంది కట్టారు. అందులో ఆటా లేదు, పాటా లేదు.

సరదా చేసేది చిన్న పనే, కానీ అవసరమైనది. అలవాటుగా సాగిపోయే మనిషిని అది ఒక్క క్షణం ఆపి, తాను చేస్తున్నదేమిటో చూసుకునేలా చేస్తుంది. ఆపై ఆ మార్పును నిలబెట్టేవి తోటివారి మెప్పు, నియమం అందరికీ ఒకటేనన్న నమ్మకం. కొత్తదనం తీరిపోయాక ఆ రెండూ ఎలా కొనసాగాలో ముందే ఆలోచించుకున్న నగరానికే సరదా అక్కరకొస్తుంది.