కూడలిలో పెరుగు పిల్లలు

మాడ్రిడ్ నగరమున జూన్ మాసాంతమందు సూర్యుడు రాత్రి 9:45 గడచిన పిమ్మట గాని అస్తమింపడు. ఇందుకు సగము కారణము ఖగోళమైతే తక్కిన సగము ప్రభుత్వశాసనము. లండను కంటె పడమటగా నున్న ఈ పట్టణము, 1940 మార్చిలో ఫ్రాంకో ప్రభుత్వము గడియారములను ఒక గంట ముందునకు జరిపి మరల వెనుకకు త్రిప్పకుండుటచేత, నేటికిని బెర్లిన్ కాలమునే అనుసరించుచున్నది. వేసవిలో మరియొక గంట జరుపుటచే సూర్యుడు నడినెత్తికి వచ్చుసరికి ఇచటి గడియారము రెండుంబావు చూపును. స్పెయిన్ దేశస్థులు మధ్యాహ్నభోజనము 2 గంటల మీదటను, రాత్రిభోజనము 9 గంటలకును చేయుదురని విని ఆశ్చర్యపడువారు ఈ సంగతి తెలిసికొన్నచో, సూర్యుని బట్టి చూడగా వారును మనవలెనే భుజించుచున్నారని గ్రహింపగలరు. పసిపిల్లలను పెంచు తల్లిదండ్రులకు మాత్రము ఇది ఆశ్చర్యముతో తీరిపోవు విషయము కాదు. బడి విడిచినది మొదలు రాత్రిభోజనము వరకు గల ఆ సుదీర్ఘ సాయంకాలమును పిల్లలతో ఎట్లు గడపవలెనన్నది ఇచటి సంసారములకు నిత్యము ఎదురగు ప్రశ్న. దానికి ఈ నగరవాసులు చెప్పు సమాధానము కూడలి.

మా యిల్లు చాంబెరీ పేటలో ఒలావిదే కూడలికి చేరువన నున్నది. అది వాహనములు తిరుగని వలయాకార స్థలము. నడుమ నీటిబుగ్గ, దాని పరిసరమున చెట్లు, కూర్చుండుటకు బల్లలు, పిల్లల ఆటస్థలములు, వెలుపలి అంచున వరుసగా హోటళ్లవారు పరచిన కుర్చీలును మేజాలును. 1934లో ఇచట కట్టిన అష్టకోణపు అంగడి భవనము మంచి కట్టడమని పేరొందినది. దానిని 1974 నవంబరులో మందు పెట్టి పేల్చి కూల్చివేసిరి. ఆ భవనమును ఎరిగిన వృద్ధులు నేటికిని దానికై చింతింతురు. వారి చింతయందు నాకు సానుభూతి కలదు గాని, ఆ అంగడి పోయిన చోట ఈ పేట పిల్లలకు దొరికిన ఆరుబయలును చూచినపుడెల్ల, అది కేవలము నష్టమేనని తలంచుటకు మనసొప్పదు.

బడి విడుచు వేళకు వాకిట నిలుచున్న తల్లుల చేతులలో, తండ్రుల చేతులలో, తఱచుగా తాతల, అమ్మమ్మల చేతులలో, వెండికాగితమున చుట్టిన పొట్లమొకటి కనిపించును. అది మెరియెందా, అనగా సాయంకాలపు ఉపాహారము. దానిని చిరుతిండి యని తేలికగా తలంచుటకు వీలులేదు, ఏలయన పిల్లవానిని రాత్రిభోజనము దాక నిలుపునది అదియే. సామగ్రి అతిసామాన్యము. మూరెడు పొడవున కరకరలాడు రొట్టెలో ఒక తునక విరిచి, బొటనవ్రేలితో నడుమ చీల్చి, అందు నల్లని చాక్లెట్టు బిళ్లలు రెండు ఇమిడ్చి మూయుదురు. పిల్లవాడు కొరికినపుడు రొట్టె పెచ్చు విరుగు చప్పుడును, లోపల చాక్లెట్టు విరుగు చప్పుడును వేరువేరుగా వినబడును. కొందరి యిండ్ల చాక్లెట్టుకు బదులు చీజో, ఉప్పులో ఊరి ఆరిన పందిమాంసపు పొరలో ఉండును. రొట్టెమొన అంగడినుండి యిల్లు చేరులోపలనే మాయమగును. దంతములు వచ్చుచున్న శిశువు బండిలో నున్నచో ఆ మొన వానిదే, దానిని చప్పరించుచు, చిగుళ్లతో నలుపుచు అరగంట సేపు ఎవ్వరిని పిలువకుండ గడపును. మా యింటినుండి కొన్ని దినములు చుట్టిన దోసెయు అదే వెండికాగితములో కూడలికి పోవును, తిరిగి రాదు.

ఈ కూడలియందు నేను నేర్చుకొన్న విద్య యొకటి కలదు. బిడ్డను చూడనట్లుండి చూచుట అని దానిని చెప్పవచ్చును. ఇచటి తల్లి బల్లపై కూర్చుండి స్నేహితురాలితో ఎడతెగక మాటలాడుచుండును. ఆమె మొగము స్నేహితురాలివైపే యుండును. అయినను, జారుడుబల్ల మెట్ల మీద తన రెండేండ్ల బిడ్డ కాలు తడబడిన క్షణమున ఆమె వాక్యము నడుమ ఆగును, కాలు కుదురుకొన్న వెంటనే ఆగిన చోటనే వాక్యము మరల మొదలగును. ఇది అలక్ష్యము కాదు, అభ్యాసము. ఏ వయసు బిడ్డకు ఎంత దూరము విడువవచ్చునో, ఏ ఏడుపునకు లేచి పోవలెనో, ఏ ఏడుపును తనంత తానే అణగునట్లు విడిచిపెట్టవలెనో ఆమెకు పుస్తకము చెప్పలేదు; తన తల్లి యదే బల్లపై కూర్చుండి తనను చూచిన చూపు నుండి అది ఆమెకు సంక్రమించినది. అంతకంటె ముఖ్యమైన సంగతి ఏమనగా, ఆ చూపు ఆమెది ఒక్కతెదే కాదు. ముక్కు కారుచున్న పిల్లవాని ముక్కు తుడుచువారు వాని బంధువులే కానక్కరలేదు, బూటుదారము ఊడిన పిల్ల ఎవరి మోకాటి ముందర నిలుచున్నచో వారే దానిని ముడివేయుదురు, ఇంకొకని తోసివేసిన పిల్లవానిని అపరిచితురాలైన వృద్ధురాలు గట్టిగా కోప్పడినను వాని తల్లి నొచ్చుకొనక, మందలింప వలసినదే యన్నట్లు తల యూపును. పళ్లెరము మోసికొని పోవు హోటలు కుఱ్ఱవానికి కూడ ఏ బిడ్డ ఏ మేజావారిదో తెలిసియుండును.

నాలుగు గోడల నడుమ ఒంటరిగా ఒక తల్లి రోజంతయు బిడ్డను కనిపెట్టుకొని యుండుట ఎంతటి శ్రమయో అనుభవించినవారికి గాని తెలియదు. చేయు పని స్వల్పమే యైనను, విరామము లేని ఎఱుక మనిషిని క్షీణింపజేయును. ఆ ఎఱుకను పదిమంది పంచుకొన్నపుడు తల్లికి విశ్రాంతియు, బిడ్డకు లోకజ్ఞానమును ఒక్కసారే లభించును. పెద్దలు మాటలాడునపుడు వేచియుండుట, వచ్చినవారికి రెండు చెంపలను అందించి పలుకరించుట, పంచిపెట్టిన దానిలో చిన్నవానికి ముందీయుట మొదలగు మర్యాదలను ఈ పిల్లలు ఎవరును కూర్చుండబెట్టి బోధింపకుండగనే అలవరచుకొనుచున్నారు.

కిందటి వేసవిని మా అత్తయ్యగారు తెనాలినుండి వచ్చి మాతో కొంతకాలము ఉండిరి. రాత్రి తొమ్మిది దాటినను కూడలినిండ పసిపిల్లలు పరుగులు తీయుట చూచి, "ఈ వేళప్పుడు పసివాళ్ళని ఇలా వీధిలో తిప్పితే దిష్టి తగలదుటమ్మా?" అని అడిగిరి. "ఇక్కడ అందరూ ఇంతేనండీ అత్తయ్యగారూ" అంటిని గాని, దిష్టి మాట వచ్చినపుడు ఇచటివారిని తక్కువగా అంచనా వేయరాదు. ఆ బల్లపైననే కూర్చుండు గలీసియా ప్రాంతపు వృద్ధురాలు, మా చిన్నవాని చెంపమీది కాటుకచుక్కను చూచినదే తడవుగా, తన మనుమరాలి గౌను లోపలి అంచున గ్రుచ్చిన పిన్నీసును బయటికి తీసి చూపినది. దానికి గోరంత నల్లరాతి పిడికిలి యొకటి, చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని మధ్యనుండి బొటనవ్రేలు తొంగిచూచునట్లు చెక్కినది, వ్రేలాడుచుండెను. చెడుచూపు తగులకుండ బిడ్డలకు ఇట్టి నల్లరాయి కట్టుట గలీసియా, అస్తూరియస్ ప్రాంతములలో పాతకాలపు ఆచారము. రాజగృహమునను ఇట్టి రక్షలుండెడివి. చిత్రకారుడు వెలాస్కెస్ 1659లో చిత్రించిన రాకుమారుడు ఫెలిపే ప్రోస్పెరో పటము నేడు వియన్నాలో నున్నది. ఆ రెండేండ్ల శిశువు తెల్లని ముందుగుడ్డపై చిరుగంటయు, తాయెత్తులును వ్రేలాడుచుండగా పాలిపోయిన మొగముతో నిలిచియుండును. ఇన్ని రక్షలు కట్టినను ఆ బిడ్డ నాలుగేండ్లు నిండకుండగనే, 1661లో, మరణించెను. ఆ పటము యొక్క ముద్రణను మా అత్తయ్యగారికి చూపినపుడు ఆమె చిత్రకారుని పేరు అడుగలేదు, తల్లి యెవరని అడిగిరి.

ఆమె మొదటి ప్రశ్నలో దిష్టి సంగతి యెట్లున్నను, అందు దాగిన నిద్ర సంగతి సత్యము, ఈ ఒక్క విషయమున నేను ఇచటివారితో ఏకీభవింపజాలను. సూర్యుడు ఆలస్యముగా అస్తమించునన్న కారణము వేసవిసెలవులకు చాలును గాని, బడిదినములలో గడియారము సూర్యుని మాట వినదు. ఉదయము 9 గంటలకు బడి తలుపు మూయుదురు. రాత్రి పది దాటిన పిమ్మట పడుకొన్న నాలుగేండ్ల పిల్ల తెల్లవారి కన్నులు తెరువలేక ఏడ్చుట నేను పలుమార్లు మెట్లపై వింటిని. 1964లో ఇచటి ప్రభుత్వ టెలివిజన్ తెలెరీన్ కుటుంబమను ఆరుగురు బొమ్మపిల్లలచేత ప్రతిరాత్రియు పాట పాడించి దేశమునందలి పిల్లల నందరిని పడకకు పంపెడిదట. ఆ పాట వినగానే మారు మాటాడక లేచెడివారమని నేటి తాతలు చెప్పుదురు. అట్టి ఆజ్ఞ నేడు ఏ యింటను లేదు. మా యింట మాత్రము బడిదినములలో ఎనిమిదింటికే కూడలినుండి లేతుము, పిల్లలు ఎంత బ్రతిమాలినను.

ఈ కూడలిలో మార్పులును కనిపించుచున్నవి. 2021 జనవరి నుండి తండ్రికిని తల్లితో సమానముగా 16 వారముల జీతపు సెలవు లభించుటచేతను, 2025లో దానిని ఇరువురికిని 19 వారములు చేయుటచేతను, ఉదయపు వేళ శిశువును ఎదపై కట్టుకొని ఒంటరిగా తిరుగు తండ్రులు ఇచట ఎందరో కనిపింతురు. వారును చూడనట్లుండి చూచు ఆ విద్యను నేర్చుకొనుచున్నారు. ఇది మిక్కిలి మంచి సంగతి. మంచిది కాని సంగతి, ఈ దేశమున స్త్రీకి సగటున 1.1 మంది మాత్రమే బిడ్డలు కలుగుచుండుట. మంచిది కాని సంగతి మరియొకటియు కలదు: హోటలు మేజాలు కూడలి లోపలికి జరిగినంత సులభముగా పిల్లల ఆటస్థలము వెలుపలికి జరుగదు. మేజాలకు అద్దె వచ్చును, పిల్లల పరుగుకు రాదు. ఆ యెడమును కాపాడుట నగరపాలకుల పని యని నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఇచట బిడ్డ మూడవ ఏడు నిండు సంవత్సరపు సెప్టెంబరున బడికి పోవును. ఆరేండ్ల వరకు చదువు నిర్బంధము కాకున్నను, ప్రభుత్వ బడులలో అది ఉచితమగుటచే దాదాపు అందరును పంపుదురు. మా చిన్నవాడు నవంబరులో పుట్టినవాడు గనుక మూడు నిండకముందే పోవలెను. మొదటి దినములలో గంటయో రెండు గంటలో ఉంచుకొని పంపివేయుదురు, క్రమముగా పెంచుదురు. గుడ్డ కట్టుకొను అలవాటు అప్పటికి మానియుండవలెను. దుస్తులమీద గళ్ల పైఅంగీ తొడుగవలెను. ఆ అంగీకిని, చలికోటుకును మెడవద్ద సాగెడి నాడాతో ఉంగరమువలె ఒక చుట్టు కుట్టి, దానిపై పేరు వ్రాయవలెను. మూడేండ్లవాడు కాలరు కొస పట్టుకొని కొక్కెమునకు తగిలింపలేడు, చుట్టు పెద్దదిగా నున్నచో తగిలింపగలడు. దుకాణమున కొన్న నాడాను నేను వ్రేలెడు పొడవున కత్తిరించి చూపగా గలీసియా వృద్ధురాలు తల అడ్డముగా నూపి, "అమ్మాయీ, ఇది చాలదు. వాడి పిడికిలి మొత్తం దూరాలి. కొక్కెం వాడు చూసుకుంటాడు, నువ్వు పిడికిలి కొలుచుకో" అని చెప్పినది. కూడలినుండి వచ్చిన వెంటనే నిద్రపోవుచున్న వాని పిడికిలి కొలిచితిని. పైఅంగీలు రెండు పూర్తియైనవి, కోటు మిగిలియున్నది.