చలి ఎప్పుడు మొదలు? తుడుం ఎప్పుడు దించాలి?

బడిలో ఋతువుల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు రెండు పనులు చెబుతారు. చలికాలం ఏ నెలలో మొదలవుతుందో రాయమంటారు. ఆ కాలానికి తగిన పాట ఒకటి ఎంచుకుని పాడమంటారు. మొదటి ప్రశ్నకు పిల్లలు పుస్తకంలో ఉన్న నెల పేరు రాస్తారు. రెండో ప్రశ్నకు సెల్‌ఫోన్లో విన్న పాట ఏదో పాడతారు. మార్కులు పడతాయి, పాఠం అయిపోతుంది. మాకు మాత్రం ఇక్కడే ఒక పేచీ ఉంది. గోండు గూడేలలో ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు కావు. కాలం వచ్చాక పాటను ఎంచుకోవడం మన పద్ధతి కాదు. కాలం వచ్చిందని చెప్పేదే పాట.

ముందు చలి ఎప్పుడు మొదలనే సంగతి చూద్దాం. దీనికి ఒక్క జవాబు లేదు. పంచాంగం మార్గశిర, పుష్య మాసాలను హేమంతమనీ, మాఘ, ఫాల్గుణాలను శిశిరమనీ అంటుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో చలికాలం అంటే జనవరి, ఫిబ్రవరి మాత్రమే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రుతుపవనాల తరువాతి కాలం. ఖగోళం చదివినవాళ్ళు ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే డిసెంబరు 21 లేదా 22 నుంచి లెక్క మొదలుపెడతారు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒకటి వ్రతాలకు, ఇంకొకటి వానల, వేడి లెక్కలకు, మరొకటి సూర్యుడి నడకకు. ప్రతి లెక్క వెనుకా ఒక పని ఉంది. పాఠంలో లోపం నెల పేరు తప్పు రాయడం కాదు. ఈ లెక్క ఎవరి పని కోసం అని పిల్లవాడిని ఒక్కసారీ అడగకపోవడం.

మన పని ఏమిటి? ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గూడేలలో ఆశ్వయుజ పున్నమి చుట్టూ వాద్యాలను కిందికి దించుతాం. గుమేల, పర్ర, డప్పు, తుడుం, పెప్రె, కాలికోమ్, నెమలి ఈకల టోపీలు అన్నింటినీ ఒకచోట పెట్టి ఏత్మాసుర్ పేన్ పేరుతో పూజ చేస్తాం. దండారి మొదలైందన్నమాట. దీపావళి దాకా గుస్సాడీలు, దండారి జట్టు ఒక గూడెం నుంచి ఇంకొక గూడేనికి పోతారు. వచ్చినవాళ్ళకు ఆ గూడెం అన్నం పెడుతుంది. సంబంధాల మాటలు నడుస్తాయి. పాత కోపాలు కొన్ని కరుగుతాయి. చివరికి కోలబోడి చేసి అన్నీ మళ్ళీ పైన పెట్టేస్తాం.

ఈ రోజులు ఇంగ్లీషు క్యాలెండర్లో ఒకచోట నిలవవు. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. చంద్రుడి ఏడాది 354 రోజులు కాబట్టి పండుగ ఏటా 11 రోజుల దాకా ముందుకు జరుగుతుంది; అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ వెనక్కి పోతుంది. అందుకే దండారి నాడు ఒక ఏడు తెల్లవారుజామున వణుకు పుడుతుంది, ఇంకొక ఏడు వాన ఇంకా చేలోనే ఉంటుంది. కాబట్టి దండారి అంటే చలి వచ్చేసిందని చెప్పలేం. వాన పని ముగిసింది, ఇక మనిషి మనిషిని చూడటానికి పోవచ్చు అని చెప్పే గడప అది. మన చలికాలం ఒక తేదీన మొదలవదు. వరసగా తెరుచుకుంటుంది.

ఆ వరసలో లోపలి గది పుష్య మాసం. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆ నెలలో సంక్రాంతి సందడి ఉంటుంది. మనకు అది నియమాల నెల. చెప్పులు విడిచి నడిచేవాళ్ళు ఎందరో. కెరమెరి మండలం మహరాజ్‌గూడ గుహలో ఉన్న జంగుబాయి దగ్గరికి పోయేది ఆ నెలలోనే. మెస్రం వంశంవాళ్ళు హస్తిన మడుగు నుంచి గోదావరి నీళ్ళు తేవడానికి కాలినడకన పోయి వచ్చి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద ఆగి, పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు పూజ చేస్తారు. ఆ చలిలో వినవలసింది పర్ధాన్ల కిక్రి. మన పేన్ల కథలు, వంశాల కథలు ఆ తీగల మీదే నిలిచాయి. అక్కడ కూడా పెప్రె ఊదుతారు, కాలికోమ్ మోగుతుంది. వాద్యం దండారిదే, వరస మాత్రం దండారిది కాదు. వినగలిగిన చెవికి తేడా తెలుస్తుంది. ఏ వరస మోగుతోందో తెలిస్తే ఇప్పుడు నా బాధ్యత ఏమిటో తెలుస్తుంది.

కార్యక్రమాల మీద మా విమర్శ ఇక్కడి నుంచే మొదలవుతుంది. బడి వార్షికోత్సవమైనా, నాయకుడి రాక అయినా, మే నెల ఎండలో సభ అయినా గుస్సాడీ టోపీ పెట్టించి పది నిమిషాలు ఆడిస్తారు. చూసినవాళ్ళకు ఈకలు కనబడతాయి. ఆ టోపీ పెట్టుకున్నవాడు దండారి ముగిసేదాకా స్నానం చెయ్యడనీ, అది వేషం కాదు దీక్ష అనీ వేదిక మీద ఎవరూ చెప్పరు. అరకు వైపు ఇంకో చిత్రం ఉంది. వలిసెలు పసుపుగా పూసే రోజుల్లో చలి చూడటానికి టూరిస్టులు వస్తారు. వాళ్ళ కోసం సాయంత్రం ధింసా ఆడిస్తారు. చైత్రంలో ఇటుకల పండుగకు, పెళ్ళిళ్ళకు ఆడే ఆట చలికాలపు వినోదమైపోయింది. అక్కడ కాలాన్ని నిర్ణయిస్తున్నది పంటా కాదు, పూజారీ కాదు, గదుల బుకింగు.

అయితే వేదికే వద్దని మేము అనడం లేదు. మర్లవాయి కనకరాజుగారు గుస్సాడీని ఎన్నో వేదికల మీద ఆడారు, పిల్లలకు నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గోండు పిల్లలు ఎందరో ఆ రోజు తల ఎత్తుకున్నారు. 2024 అక్టోబరులో ఆయన మనల్ని విడిచిపోయారు. వేదిక లేకపోతే బయటివాళ్ళకు ఆ పేరే తెలియదు. కానీ ఆయనకు ఆట వేదిక మీద పుట్టలేదు, గూడెంలో పుట్టింది. ముందు దండారిలో ఆడి తరువాత వేదిక ఎక్కినవాడికి తాను ఏమి తీసుకువెళ్తున్నాడో తెలుసు. వేదిక మీదే మొదలుపెట్టిన పిల్లవాడికి అది ఎలా తెలుస్తుంది?

మనం మనల్ని కూడా అడుగుకోవాలి. దండారి రోజుల్లోనే కొన్ని గూడేలలో డీజే పెట్టెలు వచ్చి కూర్చున్నాయి. గుమేల చప్పుడు రికార్డు చేసి దానికింద సినిమా దరువు కలిపితే మనమే షేర్ చేస్తున్నాం. పెప్రె ఊదే మనిషికి ఇచ్చే ధాన్యం దగ్గర బేరమాడి, పెట్టె అద్దెకు వేలు ఇస్తున్నాం. ఈ తప్పు బయటివాళ్ళది కాదు.

అన్నిటికంటే పెద్ద నష్టం హాస్టల్లో జరుగుతోంది. ఆశ్రమ పాఠశాలలో ఉన్న పిల్లవాడికి దీపావళికి దొరికే సెలవు చిన్నది. దండారి రెండు వారాల చదువు. పండుగ రోజుకు ఇల్లు చేరిన పిల్లవాడు ముగింపు చూస్తాడు, మొదలు చూడడు. వాద్యం దించేటప్పుడు ఏమంటారో, పొరుగు గూడెంవాళ్ళను ఎలా పలకరిస్తారో, ఎవరు ఎవరికి మామ, ఎవరు ఎవరికి సగ అన్నది అతనికి అందదు. పది ఏళ్ళు ఇలా గడిస్తే చలి మొదలైందని అతనికి చెప్పేది దుప్పట్ల పంపిణీయే.

కాబట్టి టీచర్లను మేము కోరేవి చిన్న సంగతులే. ఋతువుల పాఠం నాడు పుస్తకం తెరవకముందు, మీ ఇంట్లో చలి వచ్చిందని ఎవరు చెబుతారు, ఏం చూసి చెబుతారు అని అడగండి. జొన్న కంకి అనేవాళ్ళు ఉంటారు, పత్తి ఏరుడు అనేవాళ్ళు ఉంటారు, అవ్వ మోకాలు అనేవాళ్ళూ ఉంటారు. అన్నీ బోర్డు మీద రాయండి. పక్కన పంచాంగం, వాతావరణ శాఖ లెక్కలూ రాయండి. పుష్యంలో ఒక రోజు కిక్రి తెలిసిన పర్ధాన్ పెద్దను పిలిచి, తగిన మర్యాద చేసి, పాట వినిపించండి. సెలవుల పట్టిక వేసేటప్పుడు దండారి మొదలయ్యే పున్నమిని కూడా చూడమని పైవాళ్ళకు రాయండి. కాలం కాని కాలంలో గుస్సాడీ ఆడించవలసి వస్తే, ఇది దీని కాలం కాదని మైకులో ఒక్క మాట చెప్పండి.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఈ చలికి ఏ పాట బాగుంటుందని ఫోన్‌ను అడిగే ముందు ఇంట్లో అవ్వను అడగండి. ఆమె వెంటనే పాడకపోవచ్చు. ఆ పాట కాలం ఇంకా రాలేదు, ఆగు అనవచ్చు. ఆ మాటలోనే మీకు సగం పాఠం దొరుకుతుంది.