సినిమా మింగేసిన నటుడేనా మిక్కిలినేని?

2011లో కన్నుమూసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారి గురించి తరచు రెండు మాటలు వినిపిస్తుంటాయి. సుమారు 400 చిత్రాల్లో నటించారన్నది మెప్పు. ప్రజానాట్యమండలి కళాకారుడు చివరికి కిరీటాలకు, జరీ అంగీలకు పరిమితమైపోయారన్నది నిట్టూర్పు. ఈ రెండూ అసలు ప్రశ్నను దాటవేస్తున్నాయని నా అభిప్రాయం.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి నటుడికి కొత్త ప్రేక్షకుణ్ణి ఇచ్చింది. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకంలో రైతు తన బతుకునే వేదిక మీద చూసుకున్నాడు. ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. 1948 తర్వాత సాగిన నిర్బంధం నాటక దళాలను చెల్లాచెదురు చేసింది. కాళ్ల కింది వేదికే పోయాక నటుడు ఎక్కడికి వెళ్లాలి? మిక్కిలినేని 1951లో ‘దీక్ష’తో తెర మీదికి వచ్చారు. మండలి సారథి గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. అల్లు రామలింగయ్య సినిమా జీవితం అక్కడే మొదలైంది. దీన్ని వ్యక్తుల ఫిరాయింపుగా చూడటం తేలిక. నిర్బంధకాలంలో తన కళాకారులను నిలబెట్టుకోలేని ఉద్యమ పరిస్థితిని చర్చించటం కష్టం. మనం తేలికైన పనే చేస్తూ వచ్చాం.

మరి సినిమా ఆయనకు ఏమిచ్చింది? ‘మాయాబజార్’ (1957)లో కర్ణుణ్ణి చూడండి. నిండైన విగ్రహం, తొణకని వాచకం రంగస్థలం పెట్టిన భిక్ష. కాని ఆ కథలో కర్ణుడు కౌరవ కొలువులో ఒకడు మాత్రమే. అతనికంటూ సంఘర్షణ లేదు. కథానాయకుడి చుట్టూ తిరిగే చిత్రాల్లో క్యారెక్టర్ నటుడికి గాంభీర్యం దొరుకుతుంది, జీవితం దొరకదు.

దొరకని ఆ జీవితాన్ని ఆయన కలంతో వెతికారు. 1992లో తెలుగు విశ్వవిద్యాలయం ప్రచురించిన ‘తెలుగువారి జానపద కళారూపాలు’ అందుకు సాక్ష్యం. బుర్రకథ, వీధి నాటకం, తోలుబొమ్మలాట మొదలైన ప్రదర్శన కళల వివరాలను అక్కడ రాశి పోశారు. సేకరణ ముందు విశ్లేషణ పలచబడిందన్న విమర్శ నాకూ ఉంది. అయినా వేదికెక్కిన మనిషి పక్క వేదికల మీది కళాకారులను గుర్తుంచుకున్న పుస్తకమది.

కనుక మిక్కిలినేని కృషిని తూచేటప్పుడు చిత్రాల సంఖ్యను పక్కన పెట్టి ‘మా భూమి’ కాలాన్నీ, ఈ గ్రంథాన్నీ కలిపి చదవాలని సాహిత్య విద్యార్థులను కోరుతున్నాను. నటుల చరిత్ర రాసేటప్పుడు వారు నిలబడిన వేదికను ఎవరు కట్టారో, ఎవరు కూల్చారో కూడా రాయవలసిన బాధ్యత మనదే.