నోటు వెనకవైపు

మా నేలకొండపల్లిలో ప్రతి ఇంటికీ తెలిసిన కథ. ఈ ఊళ్లో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో ఉంటే, రామలక్ష్మణులు వెళ్లి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తెచ్చారంటారు. దేవుడే రసీదు అడిగాడని చెప్పుకునే ఊళ్లో, చుట్టాన్ని సంతకం అడగడానికి మాకు మొహమాటం.

నాన్న మా మామయ్యకు 20 వేలు ఇచ్చి ప్రోనోటు రాయించుకున్నారు. మిర్చి అమ్మగానే ఇస్తానని ఆయన, సరే బావా అని ఈయన. మధ్యలో 2 వేలు ముట్టాయి. నాన్న ఆ చెల్లు నోటు వెనక తన చేత్తోనే రాసుకుని బీరువాలో దాచారు. మామయ్య చాలా మంచివారు. మూడేళ్లు దాటాక హఠాత్తుగా పోయారు. వాళ్ల పిల్లలకు ఆ బాకీ సంగతే తెలియదు. ఖమ్మంలో ప్లీడరు గారు నోటు తిప్పి చూసి, "ఈ చెల్లు రాసిందెవరు?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో అయిపోయింది. చెల్లు కింద సంతకం ఉండాల్సింది అప్పు ఇచ్చినవారిది కాదు, బాకీదారుది.

ఆ తర్వాతే నేను ఊళ్లో అడిగినవాళ్లకు నోట్లు రాసిపెట్టడం మొదలుపెట్టాను. ముందువైపు ఎవరైనా రాస్తారు. పనితనమంతా వెనకవైపే.

అడిగినప్పుడు ఇస్తానని రాసే నోటుకు 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు 3 ఏళ్లు. చాలామంది అనుకుంటున్నట్టు అడిగిన రోజు నుంచి కాదు, నోటు రాసిన రోజు నుంచే. అది దాటితే, అవతలివాళ్లు గడువు మాట ఎత్తకపోయినా కోర్టు తనంతట తానే దావా కొట్టేయాలి. ఆలస్యాన్ని మన్నించమని వేడుకునే వీలు అప్పీళ్లకు ఉంది గానీ దావాలకు లేదు. కరోనా వచ్చినప్పుడు మాత్రం సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా రోజులను లెక్కలోంచి తీసేసింది. అంతటి విపత్తులోనే ఆ వెసులుబాటు దొరికింది.

నోటు మురిగినా బాకీ పోదు, కోర్టు తలుపు మూసుకుంటుంది. బాకీదారు ఇస్తానని మళ్లీ రాసి సంతకం పెడితే ఆ కాగితం చెల్లుతుంది. కానీ పోయినవాళ్ల చేత ఏం రాయిస్తాం?

సంతకం అడగడం అనుమానించడం కాదని నాన్నకు అప్పుడు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. ఈ వారమే బీరువా తెరిచి నోట్ల తేదీలు చూడండి. మూడో ఏడు నిండకముందే వాళ్ల చేతే చెల్లు రాయించి సంతకం పెట్టించండి. నూరు రూపాయలు ముట్టినా చాలు, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు.